అన్నానికి వెల

అన్నం అమ్మవచ్చునా అన్న ప్రశ్న నేటి నగరవాసికి నవ్వు తెప్పించవచ్చు. బట్టలు అమ్ముతున్నారు, మందులు అమ్ముతున్నారు, విద్యకు సైతం వెల కట్టిన కాలమిది. అన్నం ఒక్కదానిని అమ్మరాదనటానికి కారణమేమి? కాని మన పూర్వులు ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయలేదు. మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు కలియుగ లక్షణాలను వర్ణిస్తాడు. ఆ యుగంలో జనపదాలు అన్నాన్ని అమ్ముకొంటాయని అక్కడి మాటకు వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. అసత్యం, చౌర్యం, రాజుల దౌష్ట్యం మొదలైన వాటి సరసన అన్నవిక్రయం కూడ చేరింది. ఎదుటివాని ఆకలి అతడు చెప్పకముందే గ్రహించవలసినది. దానిని తీర్చటానికి ముందు డబ్బుకై చేయి చాచటం వారికి అధర్మంగా తోచింది.

అయినప్పటికిని అమ్మకం ఆగలేదు. తెలుగు కావ్యమైన క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు కాకతీయుల ఓరుగల్లు వీధులలో సంచరిస్తారు. ఒక్క రూకకు కమ్మని భోజనం దొరికే పూటకూళ్ల ఇంటి ప్రసక్తి ఆ కావ్యంలో ఉన్నది. ఆ కవికి అక్కడ కలిపురుషుని నీడ కనిపించలేదు. వంటకాల రుచి మాత్రమే స్ఫురించింది. శాస్త్రం ఒక మాట చెప్పగా నగరం మరొక మాట చెప్పింది. గ్రామంలో ప్రతివాడూ ఎవరికో ఒకరికి బంధువు, కనీసం పొరుగువాడు. నగరం అపరిచితుల నివాసం. అక్కడ రోజుకు రెండు పూటలా మేల్కొనే ఆకళ్లను, ఎంత పుణ్యాత్ముడైనా, ఏ గృహస్థుడూ తీర్చలేడు. కనుక అన్నం అమ్మవచ్చునా అన్న ప్రశ్నకు నగరం ఏనాడో సమాధానం చెప్పివేసింది. వెల చెల్లించిన పిమ్మట తినేవానికీ పెట్టేవానికీ మధ్య ఇంకేమైనా మిగిలి ఉంటుందా అన్నది మాత్రం తేలలేదు. దానిని విచారించటానికి కలకత్తా తగిన చోటు. ఏలనంటే ఈ నగరం తినటాన్ని ప్రేమించినంతగా మరి దేనినీ ప్రేమించలేదు. ఆకలిని చూచినంత దగ్గరగా మరి దేనినీ చూడలేదు.

ఈ నగరానికి అన్నం పెట్టినవారెవరో ముందు చూడాలి. జిల్లాల నుండి గుమాస్తాగిరికి వచ్చినవారు, చదువుకు వచ్చిన విద్యార్థులు భార్యాబిడ్డలను, తల్లిదండ్రులను ఊళ్లో వదలి ‘మెస్సు’ ఇళ్లలో గుంపులుగా బ్రతికారు. వారికి వండిపెట్టినవారు కూడ ఇల్లు విడిచి వచ్చినవారే. ఒరిస్సా నుండి వచ్చిన వంటబ్రాహ్మణులు ఇక్కడి భోజనహోటళ్లను నడిపారు. 1856లో రాజ్యం కోల్పోయి లక్నో నుండి వచ్చిన నవాబు వాజిద్ అలీ షా మటియాబుర్జులో కొలువు తీరాడు. 1887లో ఆయన మరణించిన పిమ్మట ఆ వంటవారి విద్య నగర వీధులలో పడింది. కలకత్తా బిర్యానీలో బంగాళాదుంప ఉండటం ఆ కొలువు జ్ఞాపకమే. అది నవాబు పేదరికానికి గుర్తు అని కొందరు, నాటికది క్రొత్త వస్తువు కనుక విలాసానికి గుర్తు అని కొందరు నేటికీ వాదిస్తారు. చైనా నుండి వచ్చినవారు టిరెట్టా బజారులోను, తరువాత టాంగ్రా తోళ్ల కర్మాగారాల నడుమను పొయ్యిలు వెలిగించారు. 1947 దేశవిభజనలో తూర్పు బెంగాలు నుండి తరలి వచ్చినవారు తమ వంటలను మూటలతోపాటు తెచ్చుకున్నారు. లేక్ మార్కెట్ పరిసరాలలో దక్షిణాదివారు ఇడ్లీ, సాంబారు పెట్టే భోజనశాలలు తెరిచారు. ఇల్లు విడిచినవాడు ఇల్లు విడిచినవానికి వండిపెట్టటం - ఇదే ఈ నగరపు భోజనచరిత్ర.

ఇక్కడ వెల చేసిన మేలును చెప్పకపోతే అన్యాయమవుతుంది. మన గృహస్థుల ఆతిథ్యాన్ని ఎంతగా పొగడినా, ఆ ఆతిథ్యం మొదట కులమేదని అడిగింది. తరువాత ఏ పంక్తిలో కూర్చోబెట్టాలో నిర్ణయించింది. కొందరిని గుమ్మం వెలుపలనే నిలిపింది. డబ్బుకు కులం తెలియదు. 1826 నుండి 1831 వరకు హిందూ కళాశాలలో బోధించిన డెరోజియో శిష్యులు నిషిద్ధాహారాన్ని భుజించటమే తిరుగుబాటుగా ఎంచుకున్నారు. వారి పోకడలో యౌవనపు దుడుకుతనం లేకపోలేదు. కాని కంచం వద్ద కులం తెగితే తక్కిన చోట్ల కూడ తెగుతుందని వారు గ్రహించారు. వారి తరువాతి నూరేళ్లలో సామాన్య గుమాస్తా ఏ సిద్ధాంతమూ వల్లించకుండానే, ఆఫీసు వేళకు ఆలస్యమవుతున్నదన్న తొందరలో, ప్రక్క కుర్చీలోనివాడెవడో అడగకుండా భోజనం ముగించటం నేర్చుకున్నాడు. కులం పూర్తిగా తొలగిందని కాదు. ‘హిందూ హోటల్’ అన్న పలకలు చాలాకాలం నిలిచాయి, కొన్ని నేటికీ ఉన్నాయి. అయినా దానం చేయలేని పనిని ఇక్కడ వర్తకం కొంత చేసింది. అన్నవిక్రయాన్ని కలి లక్షణమనేవారు ఈ సంగతి మరువరాదు.

ఇక నేటి భోజనశాలలలోనికి వెళ్లి చూతాము. పైసలలో భోజనం దొరికిన కాలంలో పుట్టినవి కనుక ‘పైస్ హోటళ్లు’ అని పేరుపొందినవి ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. జాన్‌బజారులో సిద్ధేశ్వరీ ఆశ్రమం ఉన్నది. ప్రెసిడెన్సీ కళాశాల చేరువలో భవానీ దత్త సందులో స్వాధీన్ భారత్ హిందూ హోటల్ ఉన్నది. 1947 తరువాత ఆ పాత హిందూ హోటలు తన పేరుకు స్వాతంత్ర్యాన్ని చేర్చుకున్నది. సుభాష్ చంద్ర బోసు విద్యార్థిగా అక్కడ భోంచేశాడని చెప్పుకుంటారు. ఇట్టి చోట్ల వంటకాల పేర్లు నల్లబల్లపై సుద్దతో వ్రాసి ఉంటాయి. బల్ల వద్ద ఖాళీ అయిన చోట ఎవరి ప్రక్కనైనా కూర్చోవలసినదే. అన్నానికి, పప్పుకు, చేపముక్కకు వేర్వేరుగా వెల. అరిటాకుకు వెల, నిమ్మబద్దకు వెల. తిని లేచినవాని వెనుకనే వడ్డించేవాడు పద్దులన్నీ ఒక్క గుక్కలో గల్లాపెట్టె వద్దకు వినబడేటట్లు కేకవేస్తాడు. క్రొత్తవానికి ఈ లెక్క మోటుగా తోస్తుంది. నాకు మాత్రం అందులో ఒక మర్యాద కనిపించింది. పది రూపాయలే ఉన్నవాడు పది రూపాయల మేరకే తినవచ్చును. కూర వద్దనవచ్చును, ఆకు వద్దని కంచంలో తినవచ్చును. ఎవరూ అతనివైపు వింతగా చూడరు. లెక్క బహిరంగంగా ఉన్నచోట పేదరికం దాచుకోవలసిన వస్తువు కాదు.

వీటికి ఒక మెట్టు పైన ఉత్తర కలకత్తాలోని ‘కేబిన్లు’ ఉన్నవి. బసంత కేబిన్, దిల్‌ఖుషా కేబిన్ వంటి పేర్లలోనే వాటి చరిత్ర ఉన్నది. తెరలు వేసిన చిన్న గదులు ఏర్పరచటం వలన, బహిరంగంగా కూర్చొని తినటానికి సంకోచించే గృహిణులు, విద్యార్థినులు కూడ కట్లెట్టు తిని టీ త్రాగగలిగారు. అడ్డుగా వ్రేలాడిన ఆ తెరగుడ్డ స్త్రీకి నగరంలో కూర్చొనే చోటు సంపాదించిపెట్టింది. కాలేజీ వీధిలో పాత ఆల్బర్ట్ హాలులో 1942లో కాఫీ బోర్డు తెరచిన కాఫీ హౌసు సంగతి వేరు. 1950ల చివరలో బోర్డు విడిచిపెట్టగా దానిని పనివారి సహకార సంఘమే చేపట్టింది. తలపాగా ధరించిన బేరరు ఒక కప్పు తెచ్చి పెడతాడు. ఆ కప్పు ముందు నలుగురు మిత్రులు సగం రోజు వాదించుకున్నా లేవమనడు. అక్కడ కాఫీ గొప్పదని ఎవరూ అనరు. కొన్నది కాఫీ, పొందినది కాలం. వెలకూ పొందినదానికీ పొత్తు కుదరకపోవటమే ఆ చోటుకు ఖ్యాతి తెచ్చింది.

పార్కు వీధిలో గాలి మారుతుంది. 2004లో మదర్ థెరిసా సరణి అని పేరు మార్చినా జనులు పార్కు వీధి అనే పిలుస్తున్నారు. 1927లో స్థాపించిన ఫ్లూరీస్, 1950ల నాటి మొకాంబో, పాటకచ్చేరీలతో పేరుపొందిన ట్రింకాస్ ఇక్కడివే. తెల్లని దుప్పటి, మందమైన వెలుతురు, మెత్తని అడుగుల బేరరు. ఇక్కడ వంటయిల్లు కనిపించదు, వినిపించదు. లెక్కను కేకవేయరు, మడిచిన అట్టలో ఉంచి, క్షమాపణ కోరినట్లు, ప్రక్కన పెట్టిపోతారు. పైస్ హోటలులో పదేపదే వినిపించిన వెల ఇక్కడ చివరివరకు అదృశ్యంగా ఉంటుంది. ఆలోచిస్తే ఇక్కడ అధికంగా పుచ్చుకొనేది రుచికి మాత్రమే కాదు. కొంతసేపు అన్నిటినీ మరపించినందుకు. పొయ్యి ముందు చెమటోడ్చేవాడిని, గుమ్మం వెలుపల నిలిచినవాడిని, చివరకు డబ్బును కూడ మరచి తినగలగటమే ఆ సౌఖ్యం. సౌఖ్యం పాపమని నేననను. శ్రమించినవాడు ఒక సాయంకాలం పాట వింటూ మంచి భోజనం చేయాలనుకోవటంలో తప్పు లేదు. అయితే మరపుకు కూడ వెల ఉన్నదని, దానిని చెల్లించేది ఎల్లప్పుడూ తినేవాడే కాదని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇటీవలి ఖరీదైన భోజనశాలలలో మరొక వింత. పాత ఇళ్లను అలంకరించి, అరటిపువ్వు కూర, చేదు కూరగాయలతో చేసే ‘శుక్తో’, ఆవపెట్టి ఉడికించిన చేపలు పెద్ద వెలకు వడ్డిస్తున్నారు. ఇవి వెనుకటి తరం గృహిణులు పొగపట్టిన వంటింట్లో, అందరూ తిన్న తరువాత తాము తింటూ, ఏ వెలా పుచ్చుకోకుండా వండినవి. ఆనాడు ఆ శ్రమకు ప్రతిఫలమన్న మాటే ఎవరికీ తోచలేదు. నేడు దాని జ్ఞాపకానికి మూల్యం చెల్లించటానికి వరుసలో నిలుచుంటున్నాము. అరటిపువ్వును ఒక్కొక్క రేకు విప్పి శుభ్రపరచటానికి ఎంత కాలం పట్టేదో బిల్లు చూచినప్పుడే మనకు తెలిసివస్తున్నది. వెల ఇక్కడ ఒక సత్యాన్ని చెప్పింది. అయితే చాలా ఆలస్యంగా, మరొకరి చేతికి చెల్లిస్తూ చెప్పింది.

ఇంతవరకు విని, చౌకహోటలు ధర్మమని, ఖరీదైనది అధర్మమని తీర్మానించబోయే పాఠకుని వారించవలసి ఉన్నది. చౌకదనం ఆకాశం నుండి ఊడిపడదు. మన పళ్లెం చౌకగా దొరికినప్పుడు, తగ్గిన సొమ్మును ఎవరో ఒకరు తమ జీతంలో, నిద్రలో, బాల్యంలో చెల్లించి ఉండవచ్చును. బల్లలు తుడిచే బాలుణ్ణి ఈ దేశం తరతరాలుగా చూచింది; చూచి, ‘ఒరే’ అని పిలిచి, మరొక గ్లాసు నీళ్లు తెమ్మన్నది. హోటళ్లలో పదునాలుగేండ్ల లోపు పిల్లలతో పనిచేయించరాదన్న నిషేధం 2006 అక్టోబరు 10న గాని అమలులోనికి రాలేదు. అంతవరకు కోటానుకోట్ల భోజనాలకు వెల చెల్లింది. ఆ బాలునికి చెల్లవలసినది చెల్లలేదు. వెల పెద్దదైనా చిన్నదైనా అది పూర్తి లెక్క కాదు.

దీనికి చరిత్రలో ఒక కఠిన నిదర్శనమున్నది. 1943లో బెంగాలు పల్లెల నుండి ఆకలితో తరలివచ్చిన జనం ఈ నగరపు కాలిబాటలపై రాలిపోయారు. అన్నం అడిగే ధైర్యం కూడ పోయి, ఇళ్ల ముందు నిలిచి, అమ్మా, కొంచెం గంజి పోయమని వేడుకొన్నారు. జైనుల్ ఆబేదీన్, చిత్తప్రసాద్ వారి ఎముకల గూళ్లను నల్లని గీతలలో నిలిపారు. ఆగస్టులో స్టేట్స్‌మన్ పత్రిక ఛాయాచిత్రాలు ప్రకటించిన పిమ్మట గాని వెలుపలి లోకం సరిగా కన్ను తెరవలేదు. ఆ కరవులో మరణించినవారు 15 లక్షలని 1945లో విచారణ సంఘం అంచనా వేసింది; తరువాతి పరిశోధకులలో కొందరి లెక్క 30 లక్షల వరకు పోతుంది. ఆ నెలలలో చౌరంగీ భోజనశాలలు మూతపడలేదు. లోపల యుద్ధకాలపు అధికారులు, కంట్రాక్టర్లు భోంచేస్తూనే ఉన్నారు. వారిలో ఎవరూ దొంగిలించి తినలేదు. ప్రతివాడూ బిల్లు చెల్లించాడు.

బాల్యంలో ఆ కరవును చూచిన అమర్త్య సేన్ 1981లో ప్రచురించిన గ్రంథంలో దాని కారణాలను విశ్లేషించాడు. ఆ ఏడు ఆహారం బొత్తిగా లేకపోలేదని, యుద్ధపు ఖర్చుతో బియ్యం ధర ఆకాశానికంటగా వ్యవసాయ కూలీలు, జాలరులు, చేతిపనివారు దానిని కొనే శక్తి కోల్పోయారని ఆయన వాదం. ఈ నగరంలో ఉద్యోగులకు, కర్మాగారాల పనివారికి మాత్రం తక్కువ ధరకు బియ్యం అందే ఏర్పాటు ఉన్నది. అంటే, వెల చెల్లించగలవారికి అన్నమున్నది, చెల్లించలేనివారికి లేదు. ఆ నియమం ఎక్కడా భంగపడలేదు. భంగపడని నియమం నడుమనే లక్షలమంది మరణించారు. వెల చెల్లిస్తే ఋణం తీరిపోతుందన్న సిద్ధాంతానికి ఇంతకంటె గట్టి ఖండన నాకు తెలియదు.

మరొక నిదర్శనం దీనికంటె చిన్నది, కాని తినేవానికి మరింత దగ్గరది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు, అస్సాం, ఉత్తర బెంగాలు కొండప్రాంతాలు మొదలైన చోట్ల నుండి చైనా సంతతివారిని దాదాపు మూడువేల మందిని రాజస్థానులోని దేవలీ శిబిరానికి తరలించి నిర్బంధించారు. వారిలో పలువురు ఇక్కడ పుట్టి పెరిగినవారే. కలకత్తాలోని చైనావారు పోలీసుల నిఘాకు, ఆంక్షలకు లోనయ్యారు. తరువాతి సంవత్సరాలలో అనేక కుటుంబాలు కెనడా మొదలైన దేశాలకు వెళ్లిపోయాయి. ఆ చేతి వంటను ఏండ్ల తరబడి తిన్న నగరం పెద్దగా నోరు విప్పలేదు. నగరానికి ఆ నూడుల్స్ రుచి తెలుసు. వండినవాని పేరు తెలియదు. ఇంటి అతిథి అయితే, ఉప్పు తిన్న ఇంటికి ఆపద వచ్చినప్పుడు ఊరకుండటానికి సిగ్గుపడేవాడు. కొనుగోలుదారుకు ఆ సిగ్గు అవసరం లేకపోయింది. ‘ఉప్పు తినటం’ అన్న మాటకు మన భాషలలో ఉన్న బరువును రసీదు కాగితం తుడిచివేసింది.

ఇక్కడ వివేకి ఒకరు ఆక్షేపించవచ్చును: ఒక పూట భోజనానికి కూర్చున్నవాని నెత్తిన లోకభారమంతా మోపుతారా? వాడు న్యాయమైన వెల ఇస్తున్నాడు; కరవును ఆపటం ప్రభుత్వం పని, జీతాలు నిర్ణయించటం చట్టం పని. ఈ మాటలో సత్యమున్నది. 1943 కరవును ఏ పుణ్యాత్ముని పిడికెడు మెతుకులూ ఆపలేకపోయేవి. దానిని ఆపవలసినవి రాజ్యం, రేషను, రవాణా. దయ చట్టానికి బదులు కాజాలదు. అయితే ఆ చట్టం ఎక్కడి నుండి వస్తుంది? బల్ల తుడిచే బాలుని చూచి, ఇది నా భోజనంలో భాగమేనని కొందరు గుర్తించినందువలన ఆ నిషేధం పుట్టింది. బిల్లుతో నా బాధ్యత ముగిసిందని అందరూ అనుకొని ఉంటే అది ఎన్నటికీ పుట్టేది కాదు. తినేవాడు లోకభారం మోయనక్కరలేదు. తన లెక్క ఇంకా తీరలేదని అతడు ఎరిగి ఉంటే చాలును.

పూర్వులు మనిషి పుట్టుకతోనే ఋణగ్రస్తుడన్నారు. దేవతలకు, ఋషులకు, పితరులకు, తోడి మనుష్యులకు అతడు బాకీ. ఈ బాకీలు ఒకసారి తీర్చివేసి చేతులు దులుపుకొనేవి కావు. జీవించినంతకాలం తీరుస్తూ ఉండవలసినవి. అన్నాన్ని అమ్మరాదన్నప్పుడు వారు భయపడినది బహుశా డబ్బును గురించి కాదు. డబ్బు చేతులు మారినప్పుడు ఋణం తీరిందన్న భ్రమ కలుగుతుందే, దానిని గురించి. విక్రయం వద్దనటం నేడు సాధ్యం కాదు, అవసరమూ కాదు. ఆ భ్రమను వదులుకోవటం సాధ్యం.

విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ ‘ఆదర్శ హిందూ హోటల్’ నవలలో హజారి ఠాకూర్ రాణాఘాటు రైల్వే స్టేషను దగ్గరి హోటలులో వంటవాడు. ఎప్పటికైనా తన సొంత హోటలు పెట్టుకోవాలని అతని కల. అతడు దానకర్ణుడు కాదు, వర్తకుడే కాదలచాడు. కాని తన చేతి వంట తిన్నవాడు తృప్తిగా లేవాలన్న కోరిక ఆ వర్తకంలో కలిసిపోయి ఉన్నది. హాతీబాగాన్ వద్ద లక్ష్మీనారాయణ్ సాహు దుకాణంలో ఏడాది పొడవునా పకోడీలు డబ్బుకు అమ్ముతారు. జనవరి 23న, సుభాష్ జయంతినాడు, వచ్చినవారికెల్ల ఉచితంగా పంచుతారు. అంగడివాడు ఆ ఒక్క రోజు గృహస్థు కావటం చూచేవారికి సంతోషంగా ఉంటుంది. కొనేవానికి కూడ అట్టి మార్గాలు లేకపోలేదు. వడ్డించేవాని ముఖం చూచి మాట్లాడవచ్చును. విస్తరిలో అన్నం పారవేయకుండా లేవవచ్చును. పనివాని జీతం పెరిగినందున పప్పు ధర పెరిగితే సణగకుండా ఇవ్వవచ్చును. వండినవానికి ఆపద వచ్చిననాడు, నేను అతని ఉప్పు తిన్నానని నలుగురిలో చెప్పవచ్చును. ఇవి గొప్ప ధర్మాలు కావు. కాని గల్లాపెట్టె దగ్గర చిల్లర లెక్కపెట్టుకొని గుమ్మం దాటేటప్పుడు మనవద్ద ఇంకా మిగిలి ఉండే బాకీని తీర్చటానికి ఇవి తప్ప వేరే నాణెం లేదు.